శక్తి తక్కువై కాదు, అత్తయ్యా

క్యాన్సర్ వచ్చి అత్తయ్యకి ఒక కిడ్నీ తీసేసిన ఏడు నెలలకి, ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలు కనబడుతున్నాయని స్కాన్ రిపోర్టు వచ్చింది. ఆ సాయంత్రం ఏలూరులో మా మేనత్త వాళ్ళింటి వెనక వరండాలో కూర్చున్నాం. ఆవిడ చేతిలో స్టీలు గ్లాసు, గ్లాసులో తిప్పతీగ కషాయం. ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసి, ఎడమ చేతిలో సిద్ధంగా పట్టుకున్న బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. చేదు తగ్గేదాకా ఆగి, "ఒరేయ్, నువ్వు పిల్లలకి చెప్పే పాఠాలివే కదా. నా ఒంట్లో శక్తి చాలకే కదా ఇది మళ్ళీ వచ్చింది?" అని అడిగింది.

నేను జువాలజీ లెక్చరర్ని. ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి రోగనిరోధక వ్యవస్థ పాఠం చెబుతున్నాను. ఆ క్షణాన "అలాంటిదేం లేదు అత్తయ్యా" అని మాత్రం అనగలిగాను. ఆవిడ నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది. అప్పటికే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాటే అనిపోయారు. ఒకరు పొడి డబ్బా తెచ్చారు, ఒకరు ఉసిరి లేహ్యం తెచ్చారు, ఫోన్లో ఒకాయన గోధుమగడ్డి రసం తాగమన్నాడు. అందరిదీ ప్రేమే. అందరూ చెప్పింది ఒక్కటే: ఇమ్యూనిటీ పెంచుకో.

2025 అక్టోబరులో వైద్యంలో నోబెల్ ప్రకటించిన మర్నాడు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. రోగనిరోధక శక్తిని పెంచే కణాల్ని కనిపెట్టినందుకు ముగ్గురికి బహుమతి అని. దాని కింద అత్తయ్యకి దండం ఎమోజీ పెట్టి, "మీరు కూడా పెంచుకోండి పిన్నీ" అని ఎవరో రాశారు. ఆ ముగ్గురూ, అంటే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి, బయటపెట్టింది సరిగ్గా దానికి వ్యతిరేకమైన సంగతి. రోగనిరోధక వ్యవస్థ చెయ్యి పట్టుకుని ఆపే కణాలవి. ఆ రాత్రే ఇది రాయాలనుకున్నాను. క్యాన్సర్ వచ్చిన మనిషితో "ఇమ్యూనిటీ పెంచుకో" అనడం మనం మానెయ్యాలని నా గట్టి అభిప్రాయం. ఆ మాట శాస్త్రం ప్రకారం తప్పు. అంతకన్నా పెద్ద తప్పు, జబ్బుకి కారణం రోగి లోపమేనని ఆ మాట ఆవిడ చేతే ఒప్పిస్తుంది.

శక్తి అన్న మాటతోనే చిక్కు

తెలుగులో మనం రోగనిరోధక "శక్తి" అంటాం. శక్తి అనగానే అది ఎక్కువో తక్కువో ఉండే సరుకైపోతుంది. తక్కువైతే నింపుకోవచ్చు, నింపుకోకపోతే తప్పు మనదే. పాఠం చెప్పేటప్పుడు నేనూ ఏళ్ళ తరబడి శక్తి అనే అన్నాను.

ఒంట్లో జరిగేది వేరు. తెల్లరక్తకణాల్లో ఒక రకమైన టి కణాలు ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో తయారవుతాయి. సొంత కణజాలాన్నే శత్రువుగా చూసేవాటిని చాలావరకు అక్కడే ఏరేస్తారు. అన్నీ చిక్కవు, కొన్ని తప్పించుకుని రక్తంలోకి వస్తాయి. అవి మీ ఒంట్లో ఉన్నాయి, నా ఒంట్లోనూ ఉన్నాయి. వాటిని రోజంతా అదుపులో పెట్టే వేరే టి కణాలున్నాయి. పాత పేరు సప్రెసర్ కణాలు, ఇప్పటి పేరు రెగ్యులేటరీ టి కణాలు, ముద్దుగా ట్రెగ్స్. రక్తంలో తిరిగే సీడీ4 అనే రకం టి కణాల్లో సుమారు 5 నుంచి 10 శాతం ఇవే.

ఇవి లేకపోతే ఏమవుతుందో కొందరు పసిబిడ్డల్లో తెలిసింది. ఫాక్స్‌పీ3 అనే జన్యువు చెడిపోయిన మగపిల్లలకి ఐపెక్స్ అనే అరుదైన జబ్బు వస్తుంది. పుట్టిన కొద్ది వారాలకో నెలలకో ఆగని విరేచనాలు, ఒళ్ళంతా ఎగ్జిమా, పసితనంలోనే షుగర్. తీవ్రంగా ఉన్నవాళ్ళు మూలకణాల మార్పిడి లాంటి చికిత్స అందకపోతే చాలావరకు మొదటి రెండేళ్ళలోనే పోతారు. ఆ బిడ్డ ఒంట్లో దాడి చేసే శక్తికి ఏ లోటూ లేదు. దాడిని ఆపే కణాలు లేక ఆ బిడ్డ చనిపోతున్నాడు.

బలహీనమైన ఎలుకే గెలిచింది

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది 1980లో వచ్చిన ఒక ఎలుకల ప్రయోగం. న్యూయార్క్ రాష్ట్రంలోని సారనాక్ లేక్‌లో ట్రూడో ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనాలయం ఉంది. అక్కడ మైఖేల్ బెరెంట్, రాబర్ట్ నార్త్ కలిసి చేశారు. ఎలుకల్లో ఒక రకం గడ్డని పెంచారు. ఆ గడ్డని గుర్తుపట్టి చంపడం నేర్చిన టి కణాల్ని వేరే ఎలుకల నుంచి తీసి వీటికి ఎక్కించారు. మామూలు ఎలుకల్లో ఏమీ జరగలేదు, గడ్డ పెరుగుతూనే ఉంది. థైమస్ తీసేసి, రేడియేషన్ ఇచ్చి, సొంత టి కణాలు లేకుండా చేసిన ఎలుకల్లో మాత్రం అవే కణాలు ఎక్కిస్తే గడ్డ కరిగిపోయింది.

వాళ్ళ పేపర్లో ఈ భాగం నేను మూడుసార్లు చదివాను. మన లెక్కన "ఇమ్యూనిటీ ఉన్న" ఎలుక ఓడిపోయింది. "ఇమ్యూనిటీ లేని" ఎలుక గెలిచింది. వాళ్ళు అక్కడితో ఆగలేదు. గడ్డ బాగా ముదిరిన ఎలుకల నుంచి టి కణాలు తీసి, ఆ గెలిచే ఎలుకలకి ఎక్కించారు. గడ్డ కరగడం ఆగిపోయింది. అంటే గడ్డ పెరుగుతున్న ఒంట్లో, దాన్ని చంపడానికి వచ్చిన కణాలకి అడ్డం పడే టి కణాలు కూడా తయారవుతున్నాయన్నమాట.

ఇంత స్పష్టంగా చూపించాక కథ ముందుకి పోవాలి కదా, పోలేదు. సప్రెసర్ కణాలున్నాయని 1970ల మొదట్లో యేల్‌లో రిచర్డ్ గెర్షన్, కొండో చెప్పారు. పదేళ్ళపాటు ఆ రంగం వెలిగిపోయింది. ఆ కణాల గుర్తుగా ఐ-జె అనే జన్యువు ఎలుకల్లో ఫలానా చోట ఉందని లెక్క కట్టారు. 1980ల మొదట్లో డీఎన్ఏని విప్పి చూస్తే, ఉండాల్సిన చోట అలాంటి జన్యువే లేదు. దాంతో సప్రెసర్ అన్న మాటకే విలువ పోయింది. ఆ పేరుతో పరిశోధన అంటే నవ్వే పరిస్థితి వచ్చింది.

1990ల మధ్యలో నేను ఎమ్మెస్సీ చదువుతుండగా మా సార్ క్లాసులో పాత నోట్సు చెబుతూ, టి కణాల రకాల్లో నాలుగోదైన సప్రెసర్ కణాల దగ్గర ఆగారు. "ఇది కొట్టెయ్యండి, ఇవి లేవని తేలింది" అన్నారు. స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఆ నోట్సు ఇంకా నా దగ్గరుంది. మా సార్ తప్పు చెప్పలేదు, అప్పటికి అందరూ అనుకునేది అదే. కానీ 1995లోనే జపాన్‌లో సకగుచి, ఆ కణాల్ని సీడీ25 అనే గుర్తుతో పట్టుకోవచ్చని చూపించాడు.

ఆయన అక్కడికి ఎలా వచ్చాడన్నది కూడా ఈ వాదనకి సంబంధించిందే. 1969లో నగోయాలోని ఐచి క్యాన్సర్ సెంటర్‌లో నిషిజుక, సకకుర పుట్టిన మూడో రోజున ఎలుకపిల్లల థైమస్ తీసేశారు. ఆ పిల్లల్లో అండాశయాలు పాడైపోయాయి. సొంత రోగనిరోధక వ్యవస్థే వాటిని తినేసిందని తర్వాత తేలింది. థైమస్ తీస్తే దాడి తగ్గాలి గదా, మరి పెరిగిందేమిటి? కుర్ర వయసులో సకగుచిని పట్టుకున్న ప్రశ్న అది. క్యోటోలో చేస్తున్న చదువు మధ్యలో ఆపేసి ఆ ల్యాబ్‌కి వెళ్ళాడు. అందరూ వదిలేసిన రోజుల్లో కూడా ఆయన దాన్ని వదల్లేదు. 1999లో సీడీ25 కణాల్ని తీసేస్తే ఎలుకలు గడ్డల్ని తిప్పికొడతాయని ఆయన బృందం చూపించింది. 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 జన్యువుని పట్టుకున్నారు. రెండేళ్ళలో ఈ రెండు దారులూ కలిశాయి. ట్రెగ్ కణాన్ని ట్రెగ్‌గా నిలబెట్టేది ఆ జన్యువేనని తేలింది.

కంచె చేను మేయలేదు

కాలేజీలో ఇదంతా చెబితే మా కెమిస్ట్రీ లెక్చరర్ "అంటే కంచే చేను మేసిందన్నమాట" అన్నాడు. వెంటనే నోరు మెదపలేదు గానీ, ఆ పోలిక నాకు నప్పలేదు. కంచె ఏమీ మేయలేదు. కంచె తన పని తాను చేస్తోంది. కలుపు మొక్క కంచె లోపల మొలిచింది, అదీ తేడా. క్యాన్సర్ బయటి నుంచి వచ్చిన పురుగు కాదు, మన కణమే. మనవాటిని కాపాడటమే ట్రెగ్ పని.

గడ్డ ఊరికే కూడా కూర్చోదు. సీసీఎల్22 లాంటి రసాయనాలు వదిలి ట్రెగ్స్‌ని తన దగ్గరికి రప్పించుకుంటుంది. 2004లో అమెరికాలో 104 మంది అండాశయ క్యాన్సర్ రోగుల గడ్డలు పరీక్షించి, ట్రెగ్స్ ఎక్కువున్నవాళ్ళు తక్కువ కాలం బతికారని చూపించారు. గడ్డలోకి చేరాక వాటి పని పలు రకాలు. దాడి కణాలు పెరగడానికి కావాల్సిన ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రోటీన్‌ని ముందే తాగేస్తాయి, సీడీ25 అనేది ఆ తాగే నోరే. దాడి మొదలుపెట్టమని టి కణాలకి చెప్పే డెండ్రిటిక్ కణాల మీద ఉండే సంకేతాల్ని సీటీఎల్ఏ-4 అనే చేతితో పీకేస్తాయి. చుట్టూ ఐఎల్-10, టీజీఎఫ్-బీటా, అడినోసిన్ అనే, దాడిని అణిచే రసాయనాలు చల్లి వాతావరణాన్ని చల్లబరుస్తాయి. చంపగలిగిన కణాలు గడ్డ పక్కనే ఉంటాయి, కానీ చేతులు కట్టుకుని ఉంటాయి.

ఇప్పుడు పొడి డబ్బా సంగతి చూద్దాం. దాని మీద ఏం రాసున్నా, ఇంటర్‌ల్యూకిన్-2 కన్నా గట్టి "బూస్టర్" ఉండదు. టి కణాలకి అది అమృతం లాంటిది. కిడ్నీ క్యాన్సర్‌కే, అంటే అత్తయ్య జబ్బుకే, 1992లో అమెరికాలో దాన్ని మందుగా ఒప్పుకున్నారు. పెద్ద మోతాదులో, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వచ్చేంత మోతాదులో ఇచ్చేవారు. కొద్దిమందికి గడ్డలు పూర్తిగా పోయి మళ్ళీ రాలేదు, అది నిజం. మిగతా ఎక్కువమందికి లాభం లేదు. ఒక కారణం తర్వాత అర్థమైంది: ఆ అమృతాన్ని ట్రెగ్స్ కూడా తాగుతాయి, మిగతావాటికన్నా ముందే తాగుతాయి. సూదితో రక్తంలోకి నేరుగా ఎక్కించిన మందుకే ఈ గతి పడితే, పాలల్లో కలుపుకునే రెండు చెంచాల పొడి ఎవరిని పెంచుతుంది?

దీనికి తలకిందులుగా ఉండే ఉదాహరణ సైక్లోఫాస్ఫమైడ్. కీమోలో వాడే పాత, చవక మందు. ఎక్కువ మోతాదులో తెల్లరక్తకణాల్ని ఊడ్చేస్తుంది. కానీ రోజూ కొంచెం కొంచెంగా ఇస్తే, ముందుగా దెబ్బ తినేది ట్రెగ్సేనని ఎలుకల్లోనూ, కొందరు రోగుల్లోనూ చూశారు. ఇమ్యూనిటీ తగ్గించే మందుగా పేరుపడ్డది, చిన్న మోతాదులో దాడికి అడ్డం తొలగించవచ్చు. ఇది చదివి ఎవరూ ఆ మాత్రలు కొనుక్కోకండి, దయచేసి. పెంచడం, తగ్గించడం అన్న రెండు మాటల్లో ఇమిడే వ్యవహారం కాదని చెప్పడానికే రాశాను.

నన్ను తడబెట్టిన సంగతులు

ఇంత గట్టిగా అంటున్నాను గానీ, నా వాదనకి ఎదురు నిలిచేవి ఉన్నాయి. అన్నిటికన్నా బలమైనది కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళ సంగతి. కొత్త అవయవాన్ని ఒళ్ళు తోసెయ్యకుండా వాళ్ళు జీవితాంతం రోగనిరోధకతని అణిచే మందులు వాడతారు. వాళ్ళలో క్యాన్సర్లు మామూలు జనంలో కన్నా ఎక్కువ. చికిత్స లేని హెచ్ఐవీ రోగుల్లో కొందరికి కపోసి సార్కోమా అనే క్యాన్సర్ వస్తుంది. అంటే రోగనిరోధక వ్యవస్థ నిజంగా కూలిపోతే క్యాన్సర్‌కి దారి దొరుకుతుంది. ఇది కాదనలేను. అయితే అది మందులతోనో వైరస్‌తోనో వ్యవస్థలో ఒక పెద్ద భాగం పడిపోయిన స్థితి. మా అత్తయ్యకి ఆ రెండూ లేవు. అరవై రెండేళ్ళ వయసులో రోజూ రెండు కిలోమీటర్లు నడిచి గుడికెళ్ళొచ్చే మనిషి.

కీమో వార్డులో డాక్టర్లు కూడా "ఇమ్యూనిటీ తగ్గుతుంది, జాగ్రత్త" అంటారు కదా అని నా స్టూడెంట్ ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. అక్కడ వాళ్ళనేది ప్రధానంగా న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాల గురించి. అవి పడిపోతే బాక్టీరియా ఇన్ఫెక్షన్ ప్రాణం తీస్తుంది. ఆ రోజుల్లో జ్వరం వస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. రెండు వేర్వేరు సంగతులకి మనం ఒకే మాట వాడుతున్నాం, గందరగోళం సగం అక్కడిదే.

ఇంకొకటి నా ఉత్సాహానికి పగ్గం వేసింది. ట్రెగ్స్ ఎక్కువుంటే అన్ని క్యాన్సర్లలోనూ చెడే జరుగుతుందని కాదు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఫాక్స్‌పీ3 కణాలు ఎక్కువున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారని కొన్ని అధ్యయనాల్లో తేలింది. పేగులో బాక్టీరియా రగిల్చే మంట గడ్డని పెంచుతుంది కాబట్టి ఆ మంటని ఆర్పే ట్రెగ్స్ మేలు చేస్తాయని కొందరంటారు. 2016లో సకగుచితో కలిసి పనిచేసిన జపాన్ బృందం, ఆ గడ్డల్లో ఫాక్స్‌పీ3 ఉన్న కణాలన్నీ నిజమైన ట్రెగ్స్ కావని చూపించింది. ఏదైనా, "ట్రెగ్స్‌ని చంపెయ్" అన్న నినాదం కూడా "ఇమ్యూనిటీ పెంచు" అన్నంత పొట్టి మాటే.

కళ్ళెం వదిలితే మంచీ చెడూ రెండూ జరుగుతాయని అత్తయ్య ఒంట్లోనే చూశాం. విజయవాడలో ఆవిడకి నివోలుమాబ్ మొదలుపెట్టారు. ట్రెగ్స్‌ని తీసేసే మందు కాదది, దాడి కణాల మీదుండే పీడీ-1 అనే ఇంకో కళ్ళేన్ని వదిలించే మందు. ఖర్చు గురించి రాయబుద్ధి కావడం లేదు, పొలం అమ్మిన సంగతి ఊరందరికీ తెలుసు. మూడో నెలలో ఆవిడకి ఒకటే నీరసం, చలి, మాట ముద్దగా రావడం. మేం జబ్బు ముదిరిందని భయపడ్డాం. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ చాలా ఎక్కువొచ్చింది, అంటే థైరాయిడ్ సరిగా పని చెయ్యడం లేదు. కళ్ళెం వదిలిన కణాలు థైరాయిడ్ మీద పడ్డాయి. ఆ గ్రంథి ఇక పని చెయ్యదు, రోజూ పరగడుపున మాత్ర వేసుకోవాలి. అదే నెల స్కాన్‌లో ఊపిరితిత్తుల మచ్చలు తగ్గాయి. రెండు రిపోర్టులూ ఒకే కవర్లో వచ్చాయి.

తిప్పతీగ సంగతి ఇక్కడే చెప్పాలి. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఒళ్ళు తన లివర్ మీద తానే దాడి చేసినప్పుడు కనబడే లక్షణాలవి. అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన మరో తీగ అయ్యుంటుందని ఆయుష్ శాఖ వాదించింది. ఆ వాదన ఎటు తేలినా, నివోలుమాబ్ నడుస్తున్న మనిషికి లివర్ ఎంజైములు పెరిగితే, అది మందు వల్లా కషాయం వల్లా అని డాక్టరు తేల్చుకోలేడు. మందు ఆపాల్సి రావచ్చు. ఆ ఒక్క కారణం చెప్పే నేను అత్తయ్య చేత కషాయం మాన్పించాను. ఆవిడకి తెచ్చినవాళ్ళని నొప్పించడం ఇష్టం లేదు. డాక్టరు వద్దన్నారని చెప్పమన్నాను.

ఆవిడ ప్రశ్నకి జవాబు

రెండేళ్ళ తర్వాత, మొన్న సంక్రాంతికి, అదే వరండాలో ఆవిడ అడక్కుండానే ఆ ప్రశ్న నేను ఎత్తాను. శక్తి తక్కువై రాలేదత్తయ్యా, అన్నాను. గడ్డని చంపే కణాలు నీ ఒంట్లో మొదటి నుంచీ ఉండుంటాయి, వాటిని పట్టి ఆపే కణాలూ ఉన్నాయి, ఆ ఆపేవి లేకపోతే నువ్వు పసిపిల్లప్పుడే పోయేదానివి. నువ్వేం తక్కువ తినలేదు, తక్కువ నడవలేదు.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. "మరి ఆ ఆపేవాటికి తెలీదా, అది గడ్డని?"

"తెలీదు. అది కూడా నీ కణమే కదా. వాటికి నీదానిలాగే కనబడుతుంది."

"ఔనా," అని చేటని ఒకసారి చెరిగి, "అయితే కామేశ్వరి వదినకి ఈ మాట నువ్వే చెప్పు. పొద్దున్న మళ్ళీ డబ్బా పంపించింది" అంది.

వంటింటి గట్టు మీద ఉంది డబ్బా, సీలు విప్పలేదు. ఆ సాయంత్రమే కామేశ్వరి గారికి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పట్టింది.